అత్యంత బాధ్యత గల భాగస్వామి

“ఈ సీజన్ నుంచి ఘనా గడప దాటే ప్రతి కోకో గింజకూ తల్లి ఎవరో తండ్రి ఎవరో ప్రపంచానికి చెప్పి మరీ పంపుతాం” అని ఉపమంత్రి గౌరవనీయ కుమి-డార్టే గారు బెపోసో గ్రామంలో ప్రకటించారు. ప్రకటన ఉదయం తొమ్మిదింటికి జరగాలి. మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. దారిలో మూడు ఊళ్లలో ఇదే ప్రకటన చేసి రావలసి వచ్చిందట. అంత బాధ్యత గల మనిషి.

షామియానా కింద కూర్చున్న రైతులకు తలా ఒక ఆకుపచ్చ టీషర్టు, ఒక ప్యాకెట్ నీళ్లు పంచారు. టీషర్టు మీద “నా భాగస్వామిని నేనెరుగుదును” అని అచ్చు వేసి ఉంది. అన్నీ ఒకటే సైజు. రెండో వరసలో కూర్చున్న బిరాగో తన టీషర్టును తలకు తొడిగి చూసింది. అది చెవుల దగ్గర ఆగిపోయింది. తీసి ఒళ్లో పెట్టుకుని మంత్రిగారి వైపు శ్రద్ధగా చూసింది.

మంత్రిగారు విషయం వివరించారు. సముద్రానికి అవతల చాక్లెట్ తినేవాళ్ల మనసు ఈమధ్య బాగా మెత్తబడింది. చాక్లెట్ వెనక పిల్లల చెమటా నరికిన అడవీ ఉంటే వాళ్లకు నోట్లో కరగడం లేదు. అందుకని ఇక్కడి కోకో కొనే కంపెనీ తన వ్యాపార భాగస్వాములందరినీ పరీక్షించబోతోంది. దాని పేరు డ్యూ డిలిజెన్స్. నెగ్గినవాళ్లు ఆకుపచ్చ, తప్పినవాళ్లు ఎరుపు. ఎరుపువాళ్ల కోకో కొనరు. ఆకుపచ్చవాళ్లకు వానలకు ముందే తలా ఆరువందల కోకో మొక్కలు ఉచితంగా ఇస్తారు.

“భాగస్వాములంటే ఎవరు వదినా?” అని పక్కన కూర్చున్న కొనాదు చెవిలో అడిగింది.

“మనమేనట.”

“ఎప్పట్నుంచి?”

“ఇవాళ ఒంటిగంట నుంచి.”

నవ్వింది కానీ, బిరాగో మనసు అప్పటికే ఆరువందల మొక్కల దగ్గర ఉంది. మేనమామ ఇచ్చిన అడవంచు నేలలో ఇరవై ఆరేళ్ల కిందట తన చేత్తో నాటిన చెట్లకు తెగులు పట్టింది. కొమ్మలు ఉబ్బి, ఆకులు పసుపెక్కి, కాయలు పిడికిలి కంటే పెరగడం లేదు. సగం చెట్లను నిరుడే కొట్టేసింది. ఈ వానలకు మొక్కలు పడకపోతే మిగిలిన సగంతో పాటు తోట పనీ అయిపోయినట్టే. మంచి మొక్కలు ప్రభుత్వ నర్సరీలో తప్ప దొరకవు. అందుకే ఆమె ఇంటికి వెళ్లి, అమ్మిన కోకో లెక్క రాసే పాస్‌బుక్కు తుడిచి బల్ల మీద పెట్టుకుని పరీక్ష కోసం ఎదురుచూసింది.

పరీక్షాధికారి నాలుగో రోజున వచ్చాడు. పేరు సెలోర్మ్. రాజధాని అక్రా నుంచి వచ్చిన కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. చేతిలో టాబ్లెట్, అందులో నూట పద్నాలుగు ప్రశ్నలు. వెంట ఊళ్లో కోకో తూచి కొనే గుమాస్తా అసుమాదు ఉన్నాడు. బిరాగో వాళ్లకు ఉడికించిన అరటికాయలు, ఆకుకూర పులుసు పెట్టింది. సెలోర్మ్ వద్దన్నాడు.

“భాగస్వామి దగ్గర ఏమీ తీసుకోకూడదమ్మా. రూలు.”

“తినకపోతే నాకు కోపం వస్తుంది బాబూ. అది నా రూలు.”

అతను కాసేపు ఆలోచించి, రెండు ముక్కలు తిని, బిరాగోకి కనబడకుండా ఏదో నొక్కాడు. తరువాత తెలిసింది, అది మొదటి ఎర్ర చుక్క: అధికారిని ప్రభావితం చేసే ప్రయత్నం.

“మీ తోటలో పిల్లలు పని చేస్తారా?”

“నా మనవరాలు శనివారం నాకు మంచినీళ్లు తెస్తుంది. దారిలో సగం తనే తాగేస్తుంది.”

చుక్క.

“పురుగుమందు ఎవరు కొడతారు?”

“ప్రభుత్వమే మనుషుల్ని పంపి కొట్టిస్తుంది. మొహానికి గుడ్డ కూడా ఉండదు పాపం వాళ్లకి. నా తలగుడ్డ ఇచ్చాను ఒకసారి.”

రెండు చుక్కలు.

“వ్యాపార భాగస్వాములతో మీకేమైనా వివాదాలున్నాయా?”

బిరాగో అసుమాదు వైపు చూసింది. అసుమాదు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

“ఇతని తక్కెడ గురించి చెప్పొచ్చా?”

“నిజమే చెప్పాలమ్మా.”

“నా బస్తా మా ఇంట్లో అరవై నాలుగు కిలోలు తూగుతుంది. ఇతని కొట్టు దాకా మోసుకెళ్లేసరికి అరవై అవుతుంది. దారిలో ఏం తింటుందో నాకు తెలియదు.”

“తక్కెడను కాదు పిన్నీ, దారిని అనుమానించాలి మీరు” అన్నాడు అసుమాదు నొచ్చుకుంటూ.

సెలోర్మ్ “భాగస్వామితో పరిష్కారం కాని ఘర్షణ” అని ఎర్రగా రాసుకున్నాడు.

“ఫిర్యాదులు చెప్పుకునే ఏర్పాటు ఉందా?”

“ఉంది. పొద్దున్న కొనాదుకి చెప్తాను, సాయంత్రం కొనాదు నాకు చెప్తుంది.”

“మీకు సరఫరా చేసే పై భాగస్వాములెవరు?”

“నాకెవరు సరఫరా చేస్తారు బాబూ. వాన.”

“వాన తరఫున సంతకం చేసేవాళ్లు…” అని మొదలుపెట్టి, అతను తనే ఆగి, “సమాచారం లేదు” అని నొక్కాడు. అదీ ఎరుపే.

నూట పద్నాలుగూ అయ్యాక సెలోర్మ్ లేచి రెండు చేతులతో బిరాగో చెయ్యి పట్టుకున్నాడు. ఇంత ఓపికగా, ఇంత నిజాయితీగా జవాబులు చెప్పిన రైతును ఈ జిల్లాలోనే చూడలేదన్నాడు. అతని కళ్లలో నిజమైన గౌరవం ఉంది. బిరాగోకి వచ్చిన రంగు ఎరుపు.

ఊరంతటికీ కలిపి అరవై పాస్‌బుక్కులున్నాయి. సెలోర్మ్‌కి ఉన్నవి రెండు రోజులు. తలుపు తెరిచిన ఇంట్లో ప్రశ్నలడిగాడు. తలుపు తెరవని ఇంటి ముందు అసుమాదే జవాబులు చెప్పాడు. గుమాస్తాకు భాగస్వాములందరూ తెలిసే ఉంటారు కాబట్టి ఫారంలో దానికి అనుమతి ఉంది.

అలా తలుపు తెరవని ఇళ్లలో న్సోవా ఇల్లొకటి. న్సోవా బతికుండగా తోటలో కలుపు తీసినట్టు చూసినవాళ్లు లేరు. బిరాగో కత్తి అరువు తీసుకుని తిరిగి ఇవ్వకుండానే ఆరేళ్ల కిందట పోయాడు. తోట ఇప్పుడు ముళ్లపొద. వాళ్ల ఆచారంలో పోయిన మనిషి స్థానంలో మేనల్లుళ్లలో ఒకణ్ని వంశం వాళ్లు కూర్చోబెడతారు. ఆ కూర్చునేవాడు ఎవరో తేలేదాకా ఇల్లూ, తోటా, పాస్‌బుక్కూ పోయినవాడి పేరునే ఉంటాయి. న్సోవాకి ముగ్గురు మేనల్లుళ్లు. ఆరేళ్లుగా వంశం సమావేశాలు జరుగుతున్నాయి, కుర్చీలు విరుగుతున్నాయి, ఎవరూ కూర్చోలేదు.

“పిల్లల్ని పనిలో పెడతాడా?” అని అడిగాడు సెలోర్మ్ మూసిన తలుపు ముందు నిలబడి.

“లేదు” అన్నాడు అసుమాదు.

“ఈ ఐదేళ్లలో చెట్లేమైనా నరికాడా?”

“ఒక్కటీ లేదు.”

“మందులు?”

“ముట్టడు.”

“ఎవరితోనైనా గొడవలు?”

“ఇప్పుడు చాలా మెత్తబడ్డాడు.”

అసుమాదు ఒక్క అబద్ధం చెప్పలేదు. న్సోవా ఆకుపచ్చ అయ్యాడు.

ఫలితాలొచ్చాయి. నలభై తొమ్మిది ఎరుపు, పదకొండు ఆకుపచ్చ. ఎరుపువాళ్ల పేర్లు కోకో కొట్టు తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించారు. ఆకుపచ్చవాళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు. భాగస్వాముల వ్యక్తిగత వివరాలను కాపాడటం కంపెనీ పద్ధతి.

బిరాగో దగ్గర తొమ్మిది బస్తాలున్నాయి. ఆరు రోజులు అరిటాకుల కింద పులియబెట్టి, వెదురు తడికల మీద ఎండబెట్టిన గింజలు. చేత్తో కదిపితే గలగలమంటాయి. ఇంకో మూడు వారాల్లో అమ్మకపోతే బూజు పడతాయి. ఆమె కొట్టుకు వెళ్లింది.

“ఎరుపువాళ్ల దగ్గర కొంటే నా ఉద్యోగం పోతుంది పిన్నీ” అన్నాడు అసుమాదు. తరువాత సొరుగు తెరిచి ఒక పాత పాస్‌బుక్కు తీశాడు. “న్సోవా మామ పుస్తకం మాత్రం ఖాళీగా ఉంది.”

“న్సోవానా? వాడు బతికుండగా ఒక్క బస్తా నింపలేదు.”

“ఇప్పుడు బాగుపడ్డాడు.”

“నా కత్తి ఎగ్గొట్టిన మనిషి పేరు మీద నా కోకో అమ్మాలా?”

“మీ పేరు మీద బూజు పట్టనిస్తారా మరి?”

బిరాగో ఇంటికి వెళ్లింది. తరువాత బస్తాలు తెచ్చింది. అవి న్సోవా పేరు మీద కూడా అరవై కిలోలే తూగాయి. తక్కెడ మాత్రం ఎవరి పట్లా పక్షపాతం చూపదు. ఆమె వెనక కొనాదు వచ్చింది. కొనాదు వెనక మిగతా నలభై ఏడు మంది వచ్చారు. వేరే పుస్తకాలు వెతకడం ఎందుకని అసుమాదు అన్నీ న్సోవా పుస్తకంలోనే ఎక్కించాడు. సీజన్ ముగిసేసరికి రెండెకరాల ముళ్లపొద నుంచి న్సోవా నాలుగువందల పన్నెండు బస్తాలు పండించాడు.

అక్రాలో ఇది గుర్తించకుండా ఎలా ఉంటారు. ఒక్క చెట్టు నరకకుండా, ఒక్క చుక్క మందు కొట్టకుండా, ఒక్క కూలీని పెట్టకుండా ఇంత దిగుబడి ప్రపంచంలో ఎక్కడా లేదట. కంపెనీ తన వార్షిక నివేదికలో రెండు పేజీలు న్సోవాకి కేటాయించింది. ఫోటో దొరకలేదని వర్ణచిత్రం వేయించారు. మే నెలలో, వానలకు సరిగ్గా రెండు వారాల ముందు, గౌరవనీయ కుమి-డార్టే గారు స్వయంగా బెపోసో వచ్చారు. ఈసారి పన్నెండున్నరకే వచ్చారు. వెంట బ్యాండు మేళం, ఆరువేల ఆరువందల మొక్కలున్న లారీ.

“జాతీయ స్థాయిలో అత్యంత బాధ్యత గల భాగస్వామి, శ్రీ న్సోవా” అని మంత్రిగారు మైకులో పిలిచారు.

బ్యాండు వాయించింది. ఎవరూ రాలేదు. బ్యాండు మళ్లీ వాయించింది. చివరికి న్సోవా వంశ పెద్ద, ముసలాయన బెడియాకో, కర్ర ఊతంతో వేదిక ఎక్కాడు.

“మీరేనా?”

“కాదయ్యా. అతను పోయి ఆరేళ్లయింది.”

మంత్రిగారు సెలోర్మ్ వైపు చూశారు. సెలోర్మ్ టాబ్లెట్ మీద వేలితో పైకీ కిందికీ జరిపాడు.

“సార్, నూట పద్నాలుగు ప్రశ్నల్లో ఎక్కడా భాగస్వామి బతికున్నాడా అన్నది లేదు.”

“కలపకపోయారా?”

“ఫారం యూరప్‌లో ఆమోదమైంది సార్. మనం మార్చకూడదు.”

మంత్రిగారు అర నిమిషం కళ్లు మూసుకున్నారు. గొప్ప నాయకులకు అర నిమిషం చాలు. మైకు దగ్గరికి వచ్చి, “మృత్యువు సైతం విడదీయలేని బాధ్యత ఇది” అన్నారు. ముందు వరస లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మొదటి ఆరువందల మొక్కలు న్సోవా ఇంటి మూసిన తలుపు ముందు దింపమని ఆజ్ఞ అయింది.

బిరాగో జీవితంలో ఎప్పుడూ సభలో లేచింది లేదు. ఆ రోజు లేచింది.

“అయ్యా, ఆ బస్తాలు మావి. తొమ్మిది నావి. చెట్లు చచ్చిపోతున్నది నా తోటలో. మొక్కలు నాకు ఇవ్వండి.”

సెలోర్మ్ పరుగున దిగి వచ్చాడు. గొంతు తగ్గించి, “అమ్మా, మీరు ఎరుపు. మీరు న్సోవా గారికి కోకో ఇచ్చారని నేను రాసుకుంటే, ఆయన ఎరుపు భాగస్వామి దగ్గర సరుకు తీసుకున్నట్టు. అప్పుడు ఆయనా ఎరుపే. నాలుగువందల పన్నెండు బస్తాలూ ఎరుపే. వాటిని మోసుకెళ్తున్న ఓడ ఇప్పుడు సముద్రం మధ్యలో ఉంది” అన్నాడు.

“నేను చెప్పింది నిజమే కదా బాబూ?”

“మీరెప్పుడూ నిజమే చెప్తారమ్మా. అదే కదా ఇబ్బంది.”

అతను ఒక కాగితం, సిరా డబ్బా తెచ్చాడు. న్సోవాతో ఆమెకు ఎలాంటి వ్యాపార సంబంధమూ లేదని అందులో ఉంది. వేలిముద్ర వేయకపోతే ఊరందరి కోకో ఆగిపోతుందన్నాడు. కొనాదు వెనక నుంచి “వేసెయ్ వదినా, వాడితో ఎవరికి సంబంధం ఉంది కనుక” అంది. బిరాగో వేలిముద్ర కాదని సంతకమే పెట్టింది. ఐదో తరగతి దాకా చదువుకుంది.

లారీ తరువాతి ఇంటికి బయలుదేరింది. సన్మానం కాబట్టి పదకొండు మంది పేర్లనూ ఆ రోజు గుడ్డ మీద అచ్చు వేయించి వేదిక వెనక కట్టారు. బిరాగో గుడ్డ దగ్గరికి వెళ్లి పేర్లు ఒక్కొక్కటే పెదవులు కదుపుతూ చదివింది. న్సోవా. మంత్రసాని ఫ్రెమా. చర్చిలో గంట కొట్టే ఆన్సా. తన పెద్దక్క డూఫీ. పదకొండో పేరు దాకా చదివాక మళ్లీ మొదటి నుంచి చదివింది. పదకొండు మంది చావులకూ ఆమె వెళ్లింది. ఐదుగురికి తనే స్నానం చేయించింది.

అసుమాదు పక్కకొచ్చి నిలబడ్డాడు.

“వచ్చే ఏడాది కూడా మొక్కలిస్తారా?” అంది బిరాగో, గుడ్డ మీద నుంచి కళ్లు తీయకుండా.

“ఇస్తారు పిన్నీ. ఆకుపచ్చవాళ్లకి.”

“నేను ఆకుపచ్చ కావాలంటే ఏం చేయాలి?”

అసుమాదు ఆమెను తల నుంచి పాదాల దాకా ఒకసారి పరిశీలనగా చూశాడు.

“మీకింకా ఆరోగ్యం బాగానే ఉంది కదా పిన్నీ” అన్నాడు జాలిగా.