నూటికి నూరు చేతులు

"ఉదయగిరి తాలూకాలో టీకా మచ్చ లేని చెయ్యి నా కంట పడకూడదు!" అని మంత్రిగారు ఆత్మకూరు సభలో ప్రకటించారు. అది డెబ్భై నాలుగు, మశూచి రోజులు. ఆ మాటను అక్షరాలా పట్టుకున్న మహానుభావుడు స్పెషల్ ఆఫీసర్ నారాయణయ్యగారు. ఆయన వెంట మందు పెట్టె మోసే భాగ్యం, బి.ఏ. ప్యాసైన నాకు టెంపరరీగా దక్కింది.

మా ఊరి పిచ్చమ్మ చంటి మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పక్క ఊళ్ళో మశూచి కనబడిందని ఆమె భయం.

"సామీ, ఈ బిడ్డకు టీకా ఎయ్యండి."

"ముందు నీ చెయ్యి చూపించు" అన్నారు ఆఫీసర్‌గారు. చేతిమీద మచ్చ లేదు.

"నాకు చిన్నప్పుడే అమ్మోరు పోసినాది సామీ. మొకం చూడండి, జల్లెడ మాదిరి ఉండాది. మళ్ళీ నాకెందుకు?"

"ముఖంతో ప్రభుత్వానికి పని లేదు. చెయ్యే లెక్క."

వేయించారు. ఒకసారి మశూచి వచ్చిపోయిన ఒళ్ళు గదా, పుండు కాలేదు, మచ్చ పడలేదు. మచ్చ పడకపోతే వేసినట్టు కాదని మళ్ళీ వేయించారు. పడలేదు. పట్టు వదిలే మనిషి కాదు, రెండో చేతికి మారారు.

"ఏంది సామీ, గోడకు సున్నం కొట్టినట్టు కొడతా ఉండారు! ఆ మందేదో బిడ్డకెయ్యండి."

"బిడ్డ పేరు రేషన్ కార్డులో ఉందా?"

"పుట్టి నెలే గదా!"

"కార్డులో లేనివాళ్ళు జనాభాలో లేరు. లేనివాళ్ళకు వేస్తే నూటొక్క శాతం అవుతుంది. అసెంబ్లీలో అడిగితే నువ్వొచ్చి చెప్తావా?"

ఇంత ముందుచూపు కాలేజీలో మాకు ఎవరూ నేర్పలేదు.

నూటికి నూరు టీకాలు వేసిన తాలూకాకని పెట్టిన షీల్డు ఇవ్వడానికి మంత్రిగారు ఉదయగిరి వచ్చారు. తాలూకా మొత్తానికి పిచ్చమ్మ చెయ్యి ఒక్కటే మిగిలింది. ముందుగా మంత్రిగారికి వేసి ఫొటో తీయాలని ఆఫీసర్‌గారు సూది సిద్ధం చేయించారు. మంత్రిగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసిందయ్యా!"

ఆయన ముఖం తమలపాకులా నున్నగా ఉంది.

"ఒకసారి వచ్చినవారికి టీకా అక్కర్లేదని శాస్త్రమే చెబుతోంది" అని ఆఫీసర్‌గారు మైకులో వివరించారు. చప్పట్లు మోగాయి.

"అట్లయితే ఆ సూది ఈ బిడ్డకెయ్యండయ్యా!" అంటూ పిచ్చమ్మ స్టేజీ ఎక్కింది.

ఆఫీసర్‌గారు సంతోషంగా ఆమె చెయ్యే పట్టుకుని గుచ్చించారు. రక్తపు బొట్టు ఫొటోకు మచ్చలాగానే కనబడుతుందన్నారు. నూటికి నూరు పూర్తయింది.

షీల్డు ఇచ్చేశాక మంత్రిగారు పిచ్చమ్మ మనవరాలిని చేతుల్లోకి తీసుకుని, జనం వైపు ఎత్తి చూపించారు.

"ఎంత చక్కటి బిడ్డ! ఒంటిమీద ఒక్క మచ్చ లేదు!"