ఆల్యూద్యూ పిస్తోలు

"నేరస్థుల గుండెల్లో గుబులు! సాక్ష్యాల పాలిట సింహస్వప్నం! వచ్చాడు డేగకన్ను!" అని గుమ్మంలోనే ప్రకటించి, గడప తన్నుకుని మా పిన్ని కాళ్ల ముందు బోర్లాపడ్డాడు నా మిత్రుడు.

"దీవించాను గానీ, లే నాయనా" అంది పిన్ని.

డేగకన్ను అసలు ఉద్యోగం బట్టల కొట్టులో కట్టర్. కోతలు కోయడం అక్కడే అలవాటైంది. కళ్లద్దాలు సీసా అడుగంత మందం. ఆ బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు, మాకు పిలవక తప్పడం లేదు.

పిన్ని మా చిన్నాన్న భార్య. ఆవిడ తండ్రి జీవితమంతా ఓ వర్క్‌షాపులో లేతు మీద పనిచేసి ఈమధ్యే పోయారు. ఆయన ట్రంకుపెట్టెలో, పాత ఉన్నిగుడ్డలో చుట్టి, ఓ పిస్తోలు దొరికింది. ఆ సంగతి చెప్పి వాణ్ణి రమ్మన్నది నేనే.

"దోమని కొట్టడానికి కూడా జంకే మనిషయ్యా మా నాన్న. ఆయన దగ్గరికి ఇదెలా వచ్చిందో, ఎవరు చేశారో కనుక్కో" అంది పిన్ని.

"సగం దర్యాప్తు అయిపోయింది పిన్నిగారూ! పోలీసులకి ఫోన్ చేసేశాను. ఎస్సైగారు బయల్దేరారు. ఎవరు చేసిందో, ఎక్కడిదో చెప్పలేకపోతే పట్టుకెళ్లి కరిగించేస్తారట!"

"నిన్నెవడు చెప్పమన్నాడురా?" అని అరిచాను.

"చట్టానికి కళ్లు లేవు మిత్రమా. నావి అరువిచ్చాను."

పిన్ని కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "ఆయన జ్ఞాపకంగా నాకు మిగిలింది ఇదొక్కటే" అంది. వాడి పీక నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

వాడు మాత్రం భూతద్దం తీసి పిస్తోలు మీద వాలిపోయాడు. నేను గొట్టంలోకి చూడబోతే "తాకకు! రహస్యాలు చెదిరిపోతాయి!" అని చేతిమీద కొట్టాడు. మడ్డి పట్టిన పిడి మీద రుమాలుతో రుద్దగా రుద్దగా ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ఏ, ఎల్, ఎల్, యూ, డి, యూ.

"ఆల్యూద్యూ!" అని గెంతాడు. "సప్తసముద్రాల అవతల ఆయుధాలు చేసే మహావంశం! 'డి'ని మెత్తగా, ముక్కుతో పలకాలి."

"నీకా భాష వచ్చా?"

"జలుబు చేసినప్పుడు కొంచెం వస్తుంది. పిన్నిగారూ, గుండె దిటవు చేసుకోండి. మీ నాన్నగారు విదేశీ గూఢచారి!"

"లేతు ముందు నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయిన గూఢచారా?" అంది పిన్ని ముక్కు చీదుతూ.

అంతలో ఎస్సై రానే వచ్చాడు. పిన్ని అందరికీ టీ ఇచ్చింది. ఉపన్యాసం మొదలెట్టే తొందరలో డేగకన్ను పొగలు కక్కే టీని ఒక్క గుక్కలో గొంతులో పోసుకున్నాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఎవరు చేశారయ్యా దీన్ని?" అన్నాడు ఎస్సై.

కాలిన నాలుక మెలికలు తిరగనంది. "అ... అల్లుడు" అన్నాడు.

"ఎవరి అల్లుడు?"

పిన్ని చటుక్కున లేచింది. "ఏమన్నావ్? మళ్లీ అను!"

"అల్లుడు..." కళ్లనీళ్లతో అన్నాడు వాడు.

పిన్ని పిస్తోలు లాక్కుని అక్షరాలు తడిమింది. "అల్లుడే! వర్క్‌షాపులో ఇనుము మీద కొట్టే అచ్చులు ఇంగ్లీషువే ఉండేవనేవాడు నాన్న. ఆయనే చేశాడిది!"

ఎస్సై గొట్టంలో పెన్ను దూర్చాడు. పాళీ వరకే దిగింది. మిగతాదంతా గట్టి ఇనుము. మీట కదల్లేదు.

"బొమ్మ పిస్తోలమ్మా. మీవాడు పేలినదాంట్లో పదోవంతు కూడా పేలదు. మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు.

పిన్ని దాన్ని గుండెకి హత్తుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అమ్మని ఇమ్మని నాన్న అడగడానికి వెళ్తే, 'నా కూతుర్ని కాపాడ్డానికి నీ దగ్గర ఏముంది?' అన్నాడట మా తాతయ్య. నాన్న వెనక్కెళ్లి ఏదో చేసి తెచ్చి చూపించాడట. అదేమిటని అడిగితే అమ్మ నవ్వేదే గానీ చెప్పేది కాదు. పెళ్లికి ఒప్పుకోకముందే అల్లుడని అచ్చు కొట్టేసుకున్నాడన్నమాట, గడుసువాడు!"

డేగకన్ను నాలుక మీద పంచదార వేసుకుని మళ్లీ ఛాతీ విరిచాడు. "చేసిందెవరో తేల్చాను. ఇక మిగిలింది అసలు ప్రశ్న. ఈ పిస్తోలుకి బలైందెవరు?"

"మా తాతయ్య" అంది పిన్ని. "దీన్ని చూసిన రోజే పిల్లనిచ్చేశాడు."