జోగన్నపాలేనికి ఉపఎన్నిక కావాలి

చోడవరానికి చేరువలో ఉన్న జోగన్నపాలెం గ్రామానికి ఒక ఉపఎన్నిక అత్యవసరమైంది. ఈ సంగతి ఊళ్లో అందరికంటే చివర తెలిసింది పెదబాబుకి. ఆయన ఆ ఊరి ఎంపీటీసీ సభ్యుడు. ఉపఎన్నిక రావాలంటే సీటు ఖాళీ కావాలి, ఖాళీ కావాలంటే అందులో పెదబాబు ఉండకూడదు. ఆయన చూస్తే పొద్దున్నే చోడంబలి తాగి పొలానికి నడిచి వెళ్లే మనిషి, నిక్షేపంగా ఉన్నాడు.

ఈ ఆలోచన మలేసియా నుంచి దిగుమతి అయింది. చోడవరంలో ఫ్లెక్సీల షాపు నడిపే వజీర్ కొడుకు రాహిల్ అక్కడ ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. ఆ దేశంలో పార్లమెంటు సీట్లు కొన్ని ఖాళీ అయి ఉపఎన్నికలొచ్చాయి. రాహిల్ ఉండే పేటకీ ఆ అదృష్టం పట్టింది. వారం తిరక్కుండా కాలవల మీద పలకలు పడ్డాయనీ, రోడ్డు గుంతలు పూడాయనీ, ఒక అభ్యర్థి హోటల్లోకి వచ్చి స్వయంగా టీ కలిపి అందరికీ పోశాడనీ, టీ ఏమంత బాగా లేదనీ వీడియో కాల్లో తండ్రికి చెప్పాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం వచ్చిన అచ్చియ్యమ్మ అక్కడే కూచుని అంతా విన్నది. ఫ్లెక్సీ షాపులో మర్చిపోయి, వార్తని మాత్రం జాగ్రత్తగా ఊరికి మోసుకొచ్చింది.

ఊరి కష్టం ఒక్కటే. ఇళ్లకీ చెరుకు మళ్లకీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. తుఫాను వాన పడిందంటే బళ్లు దాటలేవు, కోసిన చెరుకు అవతలే ఎండుతుంది. అక్కడ కల్వర్టు కట్టించమని పెదబాబు ఇచ్చిన అర్జీలన్నిటికీ మండల సమావేశాల్లో సానుకూల స్పందన లభించింది. ఆయన పదవీకాలంలో ఊరికి లభించినది కూడా అదే.

పెద్దలంతా కలిసి ఆయన ఇంటికి వచ్చి, ఊరి క్షేమం కోరి రాజీనామా చేయమని వినయంగా అడిగారు.  సమావేశంలో తన పేరు రాసిన బల్ల, దాని మీద జీడిపప్పు ప్లేటు, బస్సు కండక్టర్ 'మెంబరు గారూ, ఇలా కూకోండి' అనడం, ఇవన్నీ పెదబాబుకి ఎంతో ఇష్టం. భార్య చిన్నమ్మి అయితే, మెంబరు గారమ్మ అన్న పిలుపు పోతుందని ఏడుపు ఆపుకోలేకపోయింది. కానీ కల్వర్టు కట్టిస్తానని ఓట్లడిగినవాడు ఆయనే. ఇచ్చిన మాట నిలబెట్టుకునే మార్గం ఇదొక్కటే మిగిలిందని తేలాక సంతకం పెట్టాడు.

సన్మాన సభ ఘనంగా జరిగింది. వజీర్ వేసిన ఫ్లెక్సీలో పెదబాబు రెండు చేతులా నమస్కరిస్తూ సూర్యుడిలోంచి బయటికొస్తున్నాడు. యువజన సంఘం అధ్యక్షుడు, నలభై ఆరేళ్ల ఉదయ్‌కుమార్ మైకు అందుకున్నాడు. "పదవిలో ఉండి సేవ చేసినవాళ్లని చూశాం. పదవి వదిలి సేవ చేసిన త్యాగమూర్తి మా పెదబాబు గారు ఒక్కరే. ఈ సేవే ఆయన మొదటిరోజు చేసుంటే మన ఊరు ఈపాటికి సింగపూర్ అయిపోయుండేది!"

పెదబాబు కళ్లు చెమర్చాయి. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని ఒక్కరూ ఇంతగా పొగడలేదు.

నోటిఫికేషన్ వచ్చింది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నందున కొత్త పనులు ఎవరూ చేపట్టరాదు. అందుచేత సిమెంటు పైపుల లారీ దానంతట అదే వచ్చి గెడ్డ ఒడ్డున ఆగింది.

ఇక్కడే జోగన్నపాలెం ఒక పొరపాటు చేసింది. చావైనా పెళ్లైనా అందరూ కూచుని ఒక్క మాట మీద నిలబడటం ఆ ఊరి ఆనవాయితీ. ఊరి కోసం సీటు వదిలినవాడికే మళ్లీ ఆ సీటు ఇవ్వడం ధర్మమని ఏకగ్రీవంగా తీర్మానించేశారు. రెండు పార్టీలూ పెదబాబు మావాడేనని ప్రకటించి చేతులు దులుపుకున్నాయి. లారీ డ్రైవరు దాసుకి ఫోనొచ్చింది. అతను దించబోయిన పైపుకి మళ్లీ తాడు బిగించాడు.

"పోటీ నేదంట కదా. దించొద్దన్నారు," అన్నాడు దాసు.

ఊరు గగ్గోలెత్తింది. నామినేషన్లకి ఆ సాయంత్రమే ఆఖరు. అంత త్యాగం చేసిన మనిషికి ఎదురు నిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అప్పుడు అచ్చియ్యమ్మ లేచింది.

"పెదబాబుకి ఎదురు సెప్పడం అలవాటున్న మనిషి ఊళ్లో ఒక్కర్తే ఉంది," అంది.

అందరూ చిన్నమ్మి వైపు తిరిగారు. ఊరి కోసం ఆమె కూడా త్యాగానికి సిద్ధపడింది. ఆమె నామినేషన్ పడింది, రెండు పార్టీలూ చెరొకరిని పంచుకున్నాయి. ఆ కబురు అందగానే దాసు తాడు విప్పాడు.

పోటీ నిజమని పార్టీలు నమ్మాలి కనక మొగుడూ పెళ్లాం కలిసి కనిపించకూడదని పెద్దలు నిర్ణయించారు. చిన్నమ్మి ఆయన కంచం వీధి అరుగు మీద పెట్టేది. కాసేపయ్యాక తలుపు ఓరగా తీసి చేపల కూర అందించేది. ఇద్దరూ ముసిముసిగా నవ్వుకునేవారు. పడమటి వీధి ఆయనకీ తూర్పు వీధి ఆమెకీ కేటాయించబడ్డాయి. కేటాయించినవాళ్లు నవ్వుతూనే కేటాయించారు.

తర్వాత ఉదయ్‌కుమార్ ఒక మధ్యాహ్నం చిన్నమ్మి తరఫున మైకు పట్టుకుని, గెలిపించిన జనాన్ని నడిమధ్యలో వదిలి పారిపోయిన మెంబరు మనకెందుకన్నాడు. అరుగు మీద అన్నం తింటున్న పెదబాబు కంచం పక్కకి నెట్టేశాడు. సన్మానం చేసిన గొంతే అది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, ఆ సాయంత్రం తన సభలో, కూరలో ఉప్పు సరిగ్గా వేయలేనిది ఊరినేం ఏలుతుందన్నాడు. పడమటి వీధి ఈలలు వేసింది. ఇంటికొస్తే తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు నుంచి చేపల కూర కూడా రాలేదు.

ప్రజాస్వామ్యం వేళ్లూనుకుంది. రెండు వీధులకీ మాటల్లేవు. వియ్యాలవారు చెరో పార్టీలో చేరారు. పార్టీలు మాత్రం పంతం పట్టి పోలింగు ముందే కల్వర్టు పూర్తి చేయించాయి. చిన్నమ్మి గెలిచింది. చెరుకు బళ్లు గెడ్డ నీళ్ల పైనుంచి దర్జాగా దాటాయి. తూర్పు వీధివి వెళ్లాక పడమటి వీధివి.

పెదబాబు కూడా వెళ్లి చూశాడు. కల్వర్టు గట్టిగానే ఉంది. ఇచ్చిన మాట చెల్లింది. ఇక ఇంట్లో కూచుని అన్నం తినొచ్చని ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరి, గడప బయటే నిలబడ్డాడు. ఉప్పు మాట తప్పేనన్నాడు, అయిందేదో అయింది, కలిసిపోదామన్నాడు.

చిన్నమ్మికి కోపం ఎప్పుడో పోయింది. ఆమె చాలా నెమ్మదిగానే చెప్పింది.

"నాకేటి మావా, లోపలికి రమ్మనే ఉంది. కానీ ఇప్పుడు మనం కలిసిపోతే కల్వర్టు అవతల రోడ్డు ఎవుడేస్తాడు? ఊరంతా అదే అంతంది."

 అన్నాళ్లు మెంబరుగా పనిచేసిన పెదబాబుకి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. కంచం అందుకుని అరుగు మీద కూచున్నాడు. రెండు పార్టీలూ పోటీపడి వేయించిన వీధిదీపం సరిగ్గా ఆయన నెత్తిమీదే వెలిగింది. అన్నంలో చిన్న రాయి ఉన్నా కనిపించేంత వెలుతురు.