అబూ సఖ్ర్ డాబా మీద డిష్

గురువారం పొద్దున మర్‌జూక్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇర్బిద్ పట్నం నుంచి వచ్చే మెకానిక్ చేత డాబా మీద ఇంటర్నెట్ డిష్ బిగించి, అతనికి కడుపునిండా భోజనం పెట్టి పంపడం. సాయంత్రం నాలుగింటికి అతని భార్య వదాద్‌కు పరీక్ష. కౌలాలంపూర్‌లో ఒక సంస్థకు, పిల్లలకు వీడియోలో అరబ్బీ నేర్పే పంతులమ్మ కావాలట. వదాద్ పాఠం చెబితే గోడకు కూడా అక్షరాలు వస్తాయని మర్‌జూక్ నమ్మకం. కానీ వాళ్ల ఊరున్న రాస్ అల్ లోజ్ కొండ మీద ఇంటర్నెట్ తీరే వేరు. ఆమె ఇక్కడ "అలిఫ్" అని నోరు తెరిస్తే, అవతల తెర మీద ఆ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోతుంది. ఇదివరకు రెండు సంస్థలు ఆ తెరిచిన నోరు చూసే వద్దన్నాయి. ఇది మూడోది. ఇదీ పోతే ఇక ప్రయత్నించనని వదాద్ ఒట్టు పెట్టుకుంది.

మెకానిక్ డాబా ఎక్కి, బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని, చాలాసేపు చూసి పెదవి విరిచాడు.

"టవరు ఎదుటి కొండ మీదుంది. డిష్‌కి అది కనబడాలి. మీకు ఆ ఇల్లు అడ్డం. ఆ డాబా మీద పెట్టి మీకు వైరు లాగితే మాత్రం పరుగులు పెడుతుంది."

"ఏదీ, నన్ను చూడనీ," అంటూ మర్‌జూక్ తమ్ముడు నాయెఫ్ బైనాక్యులర్ లాక్కున్నాడు. ఇంకా పెళ్లికాని ఆ తమ్ముడు టవరును అవసరానికి మించి చూశాడు.

ఆ అడ్డం ఇల్లు అబూ సఖ్ర్‌ది. ఒలీవ గానుగ దగ్గర ఎవరి గోనెలు ముందన్న తగువులో మర్‌జూక్‌కూ ఆయనకూ మాటలు పోయి మూడేళ్లయింది.

"వెళ్లి అడగండి," అంది వదాద్.

"మాటల్లేని మనిషి గుమ్మం ఎలా ఎక్కను?"

"హాజీ ముఫ్లిహ్‌ను ముందు పెట్టుకుని ఎక్కండి. ఆయన మాట ఎవరు తోసేశారు గనక!"

హాజీ ముఫ్లిహ్ ఊరి పెద్ద. ఆయన మాట తోసేసినవాళ్లు లేరన్నది నిజమే. ఆ మాట చివరిదాకా విన్నవాళ్లు కూడా తక్కువే. అంత నిదానంగా మాట్లాడతాడు. ఆయన అబ్బా అనే పొడవాటి పైఅంగీ కప్పుకుని ముందు నడిచాడు, వెనక మర్‌జూక్, ఆ వెనక ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాయెఫ్.

మర్‌జూక్‌కు తర్వాత తెలిసిన సంగతేమిటంటే, పొద్దున్నుంచీ ఆ డాబా మీద అబూ సఖ్ర్ కూతురు రీమా రొట్టెల్లోకి వాడే జాతర్ అనే వాసన ఆకు ఎండబెడుతోంది. ఇద్దరు మగవాళ్లు వంతులేసుకుని బైనాక్యులర్‌తో అటే చూడడం అబూ సఖ్ర్ కళ్లారా చూశాడు. కర్ర అందుకుని బయల్దేరుతూ ఉండగానే వాకిట్లో హాజీ అబ్బా కనిపించింది. వెనక ఇస్త్రీ చొక్కా కూడా కనిపించేసరికి ఆయనకు విషయం బోధపడిపోయింది. పోనీలే, వెధవ పని చేసినా పద్ధతిగా గుమ్మంలోకి వచ్చారనుకుని కర్రను తలుపు చాటున పెట్టేశాడు.

కాఫీ వచ్చింది. హాజీ కప్పు అందుకుని, పెదవి తగిలించకుండా కింద పెట్టాడు. ఆ గదిలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. అడగడానికి వచ్చారు. ఇస్తానంటేగానీ ఆ కప్పు లేవదు.

"అబూ సఖ్ర్, ఆదాము కాలం నుంచీ పొరుగువాడికి పొరుగువాడే..." అని హాజీ మొదలుపెట్టాడు. ఆదాము తర్వాత నోవా దగ్గరికి వచ్చేసరికి మర్‌జూక్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఓడలోకి జంతువులు ఎక్కుతుండగా అబూ సఖ్ర్ చెయ్యెత్తాడు.

"హాజీ, కాఫీ తాగు. నీ నోటితో అడిగించుకుని ఇస్తే నేనేం మనిషిని? అడగబోయేది ఇచ్చేశాను."

హాజీ గుటుక్కున తాగేశాడు. లోపలి గదిలో ఆడవాళ్లు నాలుకలాడిస్తూ శుభకూతలు అందుకున్నారు. మర్‌జూక్ కళ్లు చెమర్చాయి. ఒక డిష్‌కి ఇంత సంబరమా! మూడేళ్లు ఎంత మంచి మనుషుల్ని దూరం చేసుకున్నాను!

"కరెంటు ఖర్చు మాదే," అన్నాడు కళ్లు ఒత్తుకుంటూ.

"లైట్లు, పందిరి మా తరఫు," అన్నాడు అబూ సఖ్ర్ తగ్గకుండా. "ఆడపిల్ల తండ్రిని. ఆ మాత్రం చేయలేనా?"

మర్‌జూక్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. హాజీ వైపు వంగి, "మనం డిష్ కోసం కదా వచ్చింది!" అన్నాడు.

"నోరు మూసుకో. తాగేసిన కాఫీ కక్కలేం," అన్నాడు హాజీ పెదవులు కదలకుండా.

డిష్ కోసమంటే ఆ పిల్లకు అవమానం. ఊరుకుంటే పెళ్లి. తమ్ముడైనా అడ్డం పడతాడేమోనని చూస్తే, నాయెఫ్ కాలరు సవరించుకుంటున్నాడు. అబూ సఖ్ర్ రెండు చేతులూ ఎత్తి, "ఫాతిహా చదువుకుందామా?" అన్నాడు. అది చదివితే ఇక మాట ఖాయం.

"నన్నడగరా నాన్నా?"

గుమ్మంలో రీమా నిలబడి ఉంది. ఇలాంటప్పుడు ఆడపిల్ల మౌనమే అంగీకారమంటారు. రీమా అంత సులువుగా దొరికే మనిషి కాదు. ఊళ్లో మందుల షాపు నడుపుతుంది. ఇన్సూరెన్సు వాళ్ల పేజీ తెరుచుకోక, మందు చేతిలో ఉండి కూడా రోగుల్ని గంటలు కూర్చోబెట్టాల్సి వస్తోందని ఆమెకు కడుపుమంట. పొద్దున బైనాక్యులర్ తన వైపు తిరగగానే, డాబా అంచుకు వచ్చి మెకానిక్‌ను నిలదీసి విషయం మొత్తం రాబట్టింది కూడా ఆమే.

"అడుగుతున్నానుగా, చెప్పు తల్లీ," అన్నాడు అబూ సఖ్ర్.

"పెళ్లికొడుకు వాళ్లు పెట్టే బంగారం వద్దు. మన డాబా మీద ఇంటర్నెట్ డిష్ పెట్టించమనండి. ఇవాళే, నాలుగింటి అస్ర్ నమాజు పిలుపు లోపు. అది ఎలా పనిచేస్తుందో చూశాక జవాబు చెబుతాను. వాళ్లింటికి కూడా ఓ వైరు వెళ్లాలి. మనమొక్కళ్లమే వాడుకుంటే బావుండదు."

మర్‌జూక్ ఆమెను నోరెళ్లబెట్టి చూశాడు. ముగ్గురు మగవాళ్లు బిగించిన ముడిని ఆ పిల్ల ఎవరి పరువూ పోకుండా, గుమ్మం కూడా దాటకుండా విప్పేసింది. అతనికి చప్పట్లు కొట్టాలనిపించింది.

హాజీ మాత్రం గడ్డం నిమురుకున్నాడు. "డిష్షా? అమ్మా, గొర్రెలడుగు, ఇస్తారు. డిష్ అంటే..." అని మర్‌జూక్ వైపు తిరిగాడు. "ఏరా, నీవల్ల అవుతుందా?"

మర్‌జూక్ వీలైనంత దిగులుగా మొహం పెట్టాడు. "ప్రయత్నిస్తాను."

"ప్రయత్నమేమిటి!" అబూ సఖ్ర్ గర్జించాడు. "నా కూతురు అడిగింది. నా డాబా మీద డిష్ లేకుండా ఒక్కడు ఈ ఇంట్లోంచి కదలడానికి వీల్లేదు!"

మెకానిక్ పని చేస్తున్నంతసేపూ నిచ్చెన పట్టుకున్నది అబూ సఖ్రే. నాలుగింటికి వదాద్ తెర ముందు కూర్చుని "అలిఫ్" అంది. కౌలాలంపూర్‌లో ఓ ఏడేళ్ల పిల్ల అదే క్షణాన "అలిఫ్" అంది. ఇంతలో పక్కింటి ఆడవాళ్లు మళ్లీ శుభకూతలు పెట్టారు. ఆ పిల్ల అదే తర్వాతి అక్షరమనుకుని నాలుకాడించింది. వదాద్ పగలబడి నవ్వింది, పిల్ల నవ్వింది, పక్కన కూర్చున్న సంస్థ పెద్దావిడా నవ్వింది. పాఠం అయ్యేసరికి ఉద్యోగం వదాద్‌దే. తలుపు దగ్గర మర్‌జూక్ బహిరంగంగా ఏడ్చేశాడు.

ఆ సాయంత్రం డిష్ కింద ఇద్దరే మిగిలినప్పుడు అబూ సఖ్ర్ అడిగాడు. "నిజం చెప్పు. దేనికొచ్చారు?"

మర్‌జూక్ తలవంచుకుని చెప్పేశాడు.

ఆయన ఎదుటి కొండ వైపు తిరిగి అన్నాడు. "ఏది అడిగినా ఇచ్చేవాణ్ణి. మూడేళ్లలో ఒక్కటీ అడగలేదు. నాకు కోపం గానుగ మీద కాదురా, దాని మీద."

మర్‌జూక్ దగ్గరికి జరిగి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

రీమా జవాబు ఇంకా చెప్పలేదు. డిష్ సరిగ్గా పనిచేయడం లేదని మాత్రం తరచూ కబురు పెడుతుంది. దానికి ఏ లోపమూ లేదని ఇర్బిద్ నుంచి మెకానిక్ ఒట్టేసి చెబుతున్నా, నాయెఫ్ సంచీ తగిలించుకుని వెళ్లి, చీకటిపడే దాకా మరమ్మతు చేసి వస్తున్నాడు.

నాయెఫ్ పశువుల డాక్టరు.