కిటికీ సీటు దిగ్విజయము

ఆదివార సాయంసమయంబున, పడమటి వరండాలో తీగకు వ్రేలాడు తడి తువాళ్ళు యుద్ధపతాకములవలె గాలికి టపటపలాడుచుండగా, వంటింట అత్తగారి కుక్కరు రణభేరివలె ఈల వేయుచుండగా, ఇంటర్నెట్టు లోనికి వచ్చుటయా మానుటయా అని గోడల ఆవల తచ్చాడుచుండగా, ఓ శ్రోతలారా, మూడవ అంతస్తునందలి రెండు గదుల ఇంట ఒక వీరనారి సోఫా మూల కాళ్ళు మడుచుకొని కూర్చుండి, దీర్ఘముగా ఊపిరి పీల్చి, తన ఫోనును చేతబూనెను.

ఎవరామె? ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు, బిగుసుకొన్న మెడలను, మొండికేసిన నడుములను వ్రేళ్ళతోనే లొంగదీయు అంగుళీపరాక్రమవతి, పుట్టుకతోనే చూపు లేనిది, "అయ్యో పాపం" అనుచు వచ్చిన రోగుల చేత మొదటి నొక్కుకే "అమ్మబాబోయ్" అనిపించునది. ఎవడామె సారథి? తెరపై వ్రాసియున్న దానినెల్ల చదివి వినిపించు ఫోనులోని కంఠము. పెండ్లి కబురును, చావు కబురును, పండ్లపొడి ప్రకటనను ఒకే గొంతుకతో పలుకు మహానిర్వికారుడు. వాని మాటల వేగమును ఆమె ఎంతగా పెంచియుండెననగా, అన్యులకది మిక్సీ తిరిగినట్లే వినబడును.

యుద్ధకారణమేమన్న, వచ్చు శనివారము కొండదారిన బస్సెక్కి, ఆవలి ఊళ్ళోనున్న చెల్లెలి ఇంటికి పోవలెను. పెండ్లినాటినుండి బస్సు టికెట్లు తీయువాడు ఆమె భర్త, బడిలో భూగోళము బోధించు మాస్టారు. మంచివాడే, కాని కిటికీ కనబడినచో మనిషి మారిపోవును. కొండలను, లోయలను చూచుట తన వృత్తిధర్మమని భార్యను నడవ వైపు కూర్చుండబెట్టి, తాను అద్దమునకు ముక్కానించి కూర్చుండుట ఆ ఇంట రాజశాసనమై వర్ధిల్లుచుండెను. ఆ శాసనముపై ఆ సాయంత్రము పిడుగు పడినది.

"ఏమండీ, ఈసారి టికెట్లు నేను తీస్తాను."

"నువ్వా? ఆ సైటు నాకే కొరుకుడు పడదే!"

"అయితే మీరు కొరక్కండి. కిటికీ సీటు నాది, పక్క సీటు మీది."

మాస్టారి చేతిలో గరగరలాడుచున్న వార్తాపత్రిక చప్పున మూగవోయెను. "కిటికీ పక్కన కూర్చుని నువ్వేం చేస్తావే?"

"కూర్చుంటాను."

వంటింటినుండి అత్తగారు ధర్మపక్షము వహించి, "ఇవ్వరా దానికి! పెళ్ళయినప్పట్నించీ నువ్వే కదరా ఆ కిటికీ పట్టుకు వేళ్ళాడుతున్నావు!" అని గరిటె మ్రోగించెను.

అంతట సంగ్రామము మొదలయ్యెను. సైటు తెరుచుకొనీ తెరుచుకొనకమునుపే దానిపైకి ఒక ప్రకటన దూకి అడ్డముగా నిలిచెను. "మా ఆఫర్ల కోసం చేరండి," అనెను సారథి. వీరనారి వ్రేలు కుడికి విసరెను. "ఇప్పుడే చేరండి. బటన్." మరల విసరెను. "గుణకారం గుర్తు. బటన్." అదియే తలుపు! మూయుటకు పెట్టిన మీటకు "మూయుము" అని పేరు పెట్టుటకు ఆ సైటు కట్టిన మహాశిల్పికి తీరిక చాలక, ఉత్త ఇంటూ గుర్తు గీసి చేతులు దులుపుకొనియుండెను. ఆమె రెండు మార్లు తట్టి ఆ గుణకారమును సంహరించి, ఊరి పేర్లు నింపి, తేదీ నెంచి, బస్సును పట్టి, సీట్ల పటములోనికి చొరబడెను.

అచట కాచుకొనియున్నది అసలు శత్రువు.

"బటన్," అనెను సారథి. "బటన్. బటన్. బటన్." ఏ సీటుకును అంకె లేదు, పేరు లేదు, బస్సంతయు ముఖములు లేని సైన్యమువలె బారులు తీరి నిలిచియుండెను. దానికి తోడు గడువు కాలమును చాటు దండోరావాడొకడు నడుమ నడుమ దూరి, "సీటు ఎంపికకు మీకు మిగిలిన సమయం" అని మొదలుపెట్టి సారథి నోరు నొక్కుచుండెను. "బటన్. బట... మీకు మిగిలిన సమయం... బటన్..." ఇట్లు కొంతతడవు జరిగి, తుదకు, "సమయం ముగిసింది. మొదటి పేజీ," అని వినవచ్చెను.

అప్పుడా వీరనారి, "ఓరీ నామరహిత బటన్ కులాధమా! పేరులేని నీవు పేరున్న నన్ను వెనుకకు పంపుదువా! నీ పటమును తునాతునకలు గావించి, నీ కాలగణకుని నాలుక పెకలించి, నిన్ను కట్టిన శిల్పికి మెడ పట్టివేసి నా బల్లపై పడిననాడు, నా బొటనవ్రేలి సత్తువ యెట్టిదో చూపెదను!" అని గర్జింపనెంచెను గాని, నోటివెంట వచ్చినది మాత్రము, "ఛ, మళ్ళీ మొదటికొచ్చింది."

"ఇటివ్వు, ఒక్క చూపు చూస్తే అయిపోతుంది," అనుచు మాస్టారు ఫోను లాగికొని చూచెను. తెర కాటుకవలె నల్లగానుండెను. "అయ్యో, ఇది చచ్చిపోయిందే!"

"చావలేదు. ఛార్జి మిగులుతుందని తెర ఆర్పేశాను. ఇలా ఇవ్వండి."

మరల గుణకారము, మరల ఊళ్ళు, మరల బస్సు, మరల బటన్ వాహిని. కాని ఈ మారు ఆమె ఒక్కొక్క బటనును వరుసగా విసరుట మానెను. నొప్పి ఎచటనో తెలియని వీపు బల్లపై పడుకొన్నప్పుడు తాను చేయునదేమి? మొదట వెన్నెముకను వెదకును గదా! చూపుడు వ్రేలిని అద్దముపై ఆనించి అడ్డముగా మెల్లగా జరిపెను. "బటన్. బటన్." పిమ్మట నిశ్శబ్దము. మరల, "బటన్. బటన్." ఆ నడిమి నిశ్శబ్దమే నడవ! బస్సు వెన్నెముక దొరికెను! ఇక అంచులనున్నవి కిటికీలు గాక మరేమగును?

దండోరావాడు గుక్క తిప్పుకొను సందులు చూచి, ఆమె వ్రేలు ఎడమ అంచున క్రిందికి పాకెను. "బటన్, మసకబారింది. బటన్, మసకబారింది." అవన్నియు పరాయి పాలైన సీట్లు. కుడి అంచున పాకెను. మసక, మసక, మసక. కటకటా, వ్రేలు అడుగునకు వచ్చుచుండ, వెనుక వరుసలలో ఒక చోట సారథి, "బటన్," అని ఊరకుండెను. మసకలేదు! దాని ప్రక్కదియు మసకలేదు! రెండింటిని తట్టెను. "ఎంపికైంది. ఎంపికైంది."

తుది కోటగుమ్మమున ఒక ప్రశ్న నిలిచియుండెను. "మీరు యంత్రం కాదని నిరూపించండి. సైకిళ్ళున్న బొమ్మలు ఎంచుకోండి." అడుగుచున్నది యంత్రము, చదివి వినిపించుచున్నది యంత్రము! ఆమె బొమ్మలను తృణీకరించి, వినికిడి పరీక్షను కోరెను. వెంటనే రైలుపెట్టెలో తగవు జరుగుచున్నట్లు ఒక రొద, ఆ రొద అడుగున మునిగిపోవుచు ఎవరివో మాటలు.

"అత్తయ్యా! ఆ కుక్కరు ఒక్క నిమిషం!"

అత్తగారు సగముడికిన అన్నమును లెక్కచేయక స్టవ్ ఆర్పెను. మాస్టారు ఊపిరి బిగబట్టెను. ఆ నిశ్శబ్దమున ఆమె చెవి యొగ్గి, మునిగిన మాటలను ఒక్కొక్కటిగా పైకి లాగి టైపు చేసెను. క్షణము గడచెను. ఫోను కుయ్యిమనెను. సారథి ఎన్నటివలెనే నిర్వికారుడై పలికెను: "టికెట్టు ఖాయమైంది. మొదటి ప్రయాణికురాలు, కిటికీ. రెండవ ప్రయాణికుడు, నడవ."

సీటు ఏ వరుసలోనిదో ఆమె చెప్పగా విని మాస్టారు తల పట్టుకొనెను. "అది వెనక చక్రం మీద సీటే! ఎగిరెగిరి పడతాం."

"పడదాం."

శనివారమునాడు, చెప్పినట్లే, ఎగిరెగిరి పడిరి. ఆమె అద్దము జరిపి మోము గాలికి ఒప్పగించెను. బస్సు కొండ నెక్కుచుండగా, ప్రక్కనున్న రాతిగోడకు కొట్టుకొని ఇంజను రొద తిరిగి వచ్చి చెంపను తాకినట్లుండెను. తడి ఆకుల వాసన వచ్చి పోయెను. మలుపు తిరుగగానే ఆ రొద యెచటికో జారిపోయి, చల్లని ఖాళీ ఒకటి ఎదుట తెరుచుకొనెను.

"లోయ వచ్చింది కదూ?" అని ఆమె అడిగెను.

మాస్టారు మెడ సాచి చూచి, నివ్వెరపోయి, పిదప తియ్యగా, "అవును. ఒసే, ఒక్క ఐదు నిమిషాలు ఇటు మారతావా? చూసి ఇచ్చేస్తాను," అని వేడుకొనెను.

"కుదరదండీ. కావాలంటే నా భుజం మీదుగా చూడండి."

మాస్టారు భుజముమీదుగా చూచెను. ఇట్లు, శ్రోతలారా, బటన్ సేనలను చీల్చి, గుణకారమును గూల్చి, తాను యంత్రము కానని యంత్రముచేత ఒప్పించి, ఆ అంగుళీపరాక్రమవతి వెనుక చక్రముపైనున్న మూరెడు వెడల్పు గాలిరాజ్యమునకు పట్టాభిషిక్తురాలై, చెల్లెలి ఊరి బస్టాండు వచ్చువరకు ఏకచ్ఛత్రముగా ఏలెను.