కొలతకు నిలబడిన అత్తయ్య

ఆ ఉదయం అత్తయ్య అనుకున్న పని చిన్నదే. కోడలు కత్తిరించి కుట్టిన ఇరవై నర్సు గౌన్లను ఒకసారి చూసి ఆసుపత్రికి పంపెయ్యాలి. చూడటమంటే టేపుతో కాదు. ముప్పై ఏళ్లుగా ఆ కుట్టు దుకాణంలో కొలబద్ద ఆవిడే. గౌను తొడుక్కుని నిలబడితే అంచు చీలమండను తాకాలి, అంతే. ఒక్క గౌనూ వెనక్కి వచ్చింది లేదు. ఆ పనితనానికి ఎవరైనా దండం పెట్టాల్సిందే.

ఆవేళ మొదటి గౌను నేల ఊడ్చింది. రెండోదీ ఊడ్చింది. కోడలు టేపు పెట్టి చూపిస్తే టేపు సాగిందన్నారు. కొత్త టేపూ అదే లెక్క చెప్పేసరికి, టేపులు చేసేవాళ్లకే శ్రద్ధ లేకుండా పోయిందన్నారు. చివరికి కోడలి చేతిలోంచి కత్తెర తీసుకున్నారు.

"నీకింకా చెయ్యి కుదరలేదమ్మా. కొన్నాళ్లు కాజాలు కుట్టు."

ఆరేళ్లు కష్టపడి కత్తిరింపు బల్ల దాకా వచ్చిన మనిషి. పాపం, సూదీ దారం తీసుకుని కాజాలకు కూర్చుంది.

అత్తయ్య ఇరవై గౌన్లకూ రెండేసి అంగుళాలు కోసి, అంచులు మడిచి కుట్టేశారు. తగిలించబోతే గోడకున్న కడ్డీ అందలేదు. పైకి జరిపాడని కొడుక్కి చీవాట్లు పెట్టి, వడ్రంగిని పిలిపించి దాన్ని దింపించారు. నడుంనొప్పికి మాత్రం పాత కుర్చీని తిట్టి ఊరుకున్నారు.

మర్నాడు పెద్ద నర్సు పిక్కలు కనబడే గౌనులోనే దిగింది. కోడలు తల దించుకుంది. టేపు సంగతీ, కడ్డీ సంగతీ విన్నాక నర్సు అత్తయ్యను గోడకు ఆనించి నిలబెట్టి, వంగిన వీపు తడిమి చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"గౌన్లు పెరగలేదమ్మా. మీరే తగ్గారు."

కింద పడకుండానే వెన్నుపూసలు రెండు నలిగాయని పరీక్షల్లో తేలింది. మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ ఉందట. అది కార్టిసాల్ అనే హార్మోన్‌ను రోజూ కాస్త ఎక్కువగా వదులుతూ, ఏళ్ల తరబడి సద్దు లేకుండా ఎముకల్ని గుల్ల చేస్తోందట. ఇంకొన్నాళ్లు చూసుకోకపోతే మంచం పట్టేవారన్నాడు డాక్టరు. ఇంతకీ ఎలా కనిపెట్టారని అడిగాడు.

"మా కోడలు కత్తిరించిన గౌను తొడుక్కున్నానండీ," అన్నారు అత్తయ్య. "దాని కొలత తప్పదు."

పక్కనే ఉన్న కోడలికి కళ్లు చెమర్చాయి.

చికిత్స మొదలైంది. కత్తెర కోడలి చేతికి తిరిగొచ్చింది. కాజాలు ఇప్పుడు అత్తయ్య కుడుతున్నారు. వాటికి ఎత్తుతో పనిలేదు.