ఏడో మలుపు దగ్గర లోపం

1984 జూలై 11, బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు తిరుపతి డిపోలో ఒక ఘాట్ రోడ్డు బస్సును నిలిపేశారు. కారణం, ముందురోజు సాయంత్రం డ్రైవరు మునస్వామి లోపాల పుస్తకంలో రాసిన రెండు వరుసలు.

ఆ సంగతి మునస్వామికి తెలియదు. కొండకు మూడు ట్రిప్పులు తోలి, సాయంత్రం డాక్టరమ్మను చూసి ఇంటికి పోవాలని అనుకుని వచ్చాడు. వచ్చేసరికి బండి షెడ్డులో జాకీ మీద ఉంది. దాని కింద నుంచి మెకానిక్కు వెంకటముని కాళ్లు కనిపించాయి.

"ఏమప్పా, ఏమైంది దీనికి?"

"రాసింది నువ్వు, అడిగేదీ నువ్వేనా?" వెంకటముని బయటికి జరిగి పుస్తకం అందించాడు.

మునస్వామి చదివాడు. 'దిగేటప్పుడు ఏడో మలుపు. వణుకు, దడదడ, బిగుసుకుపోవడం. పదికి ఏడు. రెండు నిమిషాలకు తగ్గింది. ట్రిగ్గర్: రాళ్ల శబ్దం.' దస్తూరి అతనిదే. లోపమూ అతనిదే, బండిది కాదు.

కిందటి నవంబరు వానల్లో ఆ మలుపు దగ్గర కొండ మీది నుంచి బండరాయి దొర్లి బస్సు ముందు పడింది. మునస్వామి మూరెడు దూరంలో ఆపాడు. బస్సులోని యాభై రెండు మందిలో ఒక్కరికీ గీత పడలేదు. డిపోలో దండ వేశారు. మే నెల నుంచి పక్కన కంకర లారీ పోయినా అతని చేతులు వణకసాగాయి. ఎవరికీ చెప్పకుండా మనసు జబ్బులు చూసే డాక్టరు పంకజాక్షి దగ్గరికి పోయాడు.

"ఇది పిచ్చి కాదు," అందామె. "దెబ్బ మనసుకు తగిలింది. దాన్ని ట్రామా అంటారు. ఆ బండ మళ్లీ కళ్ల ముందు పడినట్టు ఉంటుందే, అది ఫ్లాష్‌బ్యాక్. దాన్ని లేపే శబ్దం ట్రిగ్గర్. ఎప్పుడు వచ్చింది, పదికి ఎంత వచ్చింది, దినమూ రాసుకో. బండికి ఎట్లా రాస్తావో నీకూ అట్లే."

ముందురోజు సాయంత్రం అట్లే రాశాడు. ట్రిప్పు దిగగానే లోపాల పుస్తకం తెరవడం పద్నాలుగేళ్ల అలవాటు. డాక్టరమ్మ ఇచ్చిన చిన్న పుస్తకం జేబులోనే ఉండిపోయింది.

నిజం చెబితే కొండ డ్యూటీ పోతుంది. మనసు డాక్టరు దగ్గరికి పోయినవాడికి ఘాట్ రోడ్డు ఇవ్వరని డిపోలో అందరూ అనుకునేదే. పద్నాలుగేళ్లు కొండ తోలినవాడు రేపటి నుంచి మైదానంలో నగరికి పోయే బండి తోలాలి.

"దించేయప్పా. ఈ పొద్దు బాగానే ఉంటుందిలే," అన్నాడు.

"పదికి ఏడు అని రాసినావే. చక్రానికి పది నట్లు. ఏడు వదులైతే రోడ్డుతో పనిలేకుండానే కొండ కింద అలిపిరి చేరతావు." వెంకటముని జాకీని మూడుసార్లు తట్టి మళ్లీ కిందికి పోయాడు. తట్టకుండా అతను బండి కిందికి పోవడం ఎవరూ చూడలేదు.

నట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి స్టీరింగు విప్పారు. స్టోరు గుమాస్తా రెండు ట్రిగ్గర్లు కావాలని చిత్తూరుకు ఫోను చేశాడు. స్టాకు అయిపోయిందని, పై నెలలో పంపుతామని అక్కడివాళ్లు చెప్పారు. గురువారం ఇంజను దించారు. శుక్రవారం అన్నీ బిగించాక ఇంజనీరు వచ్చి బండిని తానే కొండకు తోలుకుపోయి తెచ్చాడు. లోపం దొరకలేదు.

మేనేజరు సుందరరాజు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"మునస్వామి పద్నాలుగేళ్లలో లేని లోపం రాయలేదు," అన్నాడు వెంకటమునితో. "సోమవారం బండి బాగుండాదని సంతకం పెట్టింది నువ్వు. సస్పెన్షన్ కాగితం టైపు అవతా ఉండాది."

మునస్వామి జేబులోని చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"బండి బాగుండాది సార్. లోపం నాది. దీంట్లో రాయాల్సింది దాంట్లో రాసినాను." బండరాయి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. "ట్రిగ్గర్ చిత్తూరులో దొరకదు సార్. నా దగ్గరే ఉండాది."

టైపు మిషను ఆగింది.

"మూడు దినాలు దాని కింద పండుకుంటినే," అన్నాడు వెంకటముని. "ఒక మాట జెప్పకూడదా? బండినైతే విప్పి సూస్తాను. నిన్ను యాడ విప్పేది?"

సుందరరాజు డాక్టరు పంకజాక్షికి ఫోను చేశాడు. ఆ దారి మానిపిస్తే భయం పెరుగుతుందని, అదే దారిలో కొంచెం కొంచెంగా తిప్పడమే వైద్యమని ఆమె చెప్పింది. ఫోను పెట్టేసి ఆయన కాగితం చించాడు.

"లోపం రాసిన బండిని బాగుచేస్తాం గానీ పారేయం గదా," అన్నాడు. "ఈ డిపోలో తన లోపం రాసిన డ్రైవరు నువ్వొక్కడివే. పది దినాలు పక్క సీటులో పో. పదకొండో దినం నువ్వే తోలు."

పదకొండో రోజు వెంకటముని అడగకుండానే వచ్చి డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాడు. దిగేటప్పుడు ఏడో మలుపు వచ్చింది. రోడ్డు పక్కన కంకర దించుతున్నారు.

"ఎంతప్పా?"

"మూడు."

"నట్లు బిగించేదా?"

"గమ్మున కూర్చో. బండి తోలేది నేను," అన్నాడు మునస్వామి. బండి మలుపు తిరిగింది. అలిపిరి దాకా చేతులు స్టీరింగు మీద నిలకడగా ఉన్నాయి.

ఆగస్టు ఒకటిన సుందరరాజు లోపాల పుస్తకం పక్కన రెండో పుస్తకం పెట్టించాడు. అట్ట మీద 'మనుషులవి' అని రాయించాడు. నెలాఖరుకు అందులో పదకొండు నమోదులు ఉన్నాయి. మొదటిది మునస్వామిది, పదికి ఒకటి. రెండోది వెంకటమునిది: 'బండి కింద ఉన్నంతసేపూ జాకీ జారుతుందని. పదికి తొమ్మిది.'